గుండ్రటి మూలలు

ఆ ఎండాకాలం మా ముందుగదిలో మనుషులు కూర్చోవడానికి చోటు లేదు. సోఫా మీద పాత దుప్పటి పరిచి ఇంజిన్ హెడ్డు, టీపాయ్ మీద నాలుగు పిస్టన్లు, టీవీ కింద అరలో కిరోసిన్‌లో నానుతున్న బోల్టులు. పలకరించడానికి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడి నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరైనా మొహమాటానికి లోపలికి అడుగు వెయ్యబోతే మా అత్తయ్య తల ఎత్తకుండానే, కాలు చూసుకోండి, అక్కడ వాల్వులున్నాయి అనేది. వాళ్ళు ఆ అడుగు అట్నుంచి అటే వెనక్కి తీసుకునేవాళ్ళు.

ఇదంతా నా వల్లే జరిగింది. ఆ సంగతి ఆ కాలమంతా ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

నాది స్టిక్కర్లు కోసే పని. బండ్లకు నంబరు ప్లేట్లు, దుకాణాల అద్దాల మీద అక్షరాలు, ఆఫీసు తలుపుల మీద పేర్లు. నా భార్యది ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పే పని. ఊళ్ళో కారు నడిపే ఆడవాళ్ళలో సగంమంది ఆమె చేతి కింద నేర్చుకున్నవాళ్ళే. అందరూ ఆమెను టీచర్ అంటారు, వినీ వినీ నాక్కూడా అదే అలవాటైంది. ఇన్ని వేల బండ్లకు నంబర్లు అంటించిన నాకు మాత్రం బండి నడపడం రాదు. పెళ్ళైన కొత్తలో, రా నేర్పుతా అని టీచర్ చాలాసార్లు పిలిచింది. చీవాట్లు తినడానికి ఇల్లు చాలదా, మళ్ళీ కారు కూడా ఎందుకని నవ్వేసి తప్పించుకునేవాణ్ణి.

టీచర్ పాఠాలు చెప్పే కారులో మీటర్ల మధ్య నూనె డబ్బా బొమ్మతో ఒక ఎర్ర లైటు ఉంటుంది. ఇంజిన్లో ఆయిల్ సరిగ్గా తిరగనప్పుడు అది వెలగాలి. చలికాలం చివర్లో అది ఊరికే మిణుకుమనడం మొదలుపెట్టింది. మిణుకుమన్నప్పుడల్లా టీచర్ పాఠం మధ్యలో బండి పక్కకు ఆపించేది. వీధి చివర మెకానిక్ చూసి, ఆయిల్ నిండుగానే ఉంది, ఆ లైటుకు కబురు పంపే సెన్సరు పాడైంది, మారిస్తే సరి, తొందరేం లేదు అన్నాడు. ఆ తొందరేం లేదన్న ముక్క నా చెవికి ఇంపుగా తగిలింది. టీచర్‌కు మాత్రం ప్రాణం కుదుటపడలేదు. రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి, మళ్ళీ వెలిగిందని చెప్పేది. లైసెన్సు కాగితాల పని మీద నాలుగు రోజులు వేరే ఊరు వెళ్తూ, వచ్చేసరికి ఆ సెన్సరు మార్పించు, నీకు పుణ్యముంటుంది అని మరీ చెప్పి వెళ్ళింది.

వెళ్ళి అడిగితే మెకానిక్ సెన్సరు రావడానికి ఇంకో వారం పడుతుందన్నాడు. అది రాకముందే నాలుగో రోజు వచ్చేసింది. సాయంత్రానికి టీచర్ వస్తుంది. ఏమీ చెయ్యలేదంటే మొహం మాడ్చుకుంటుంది, మళ్ళీ రోజూ ఆ ఫోన్లు. నాకో గొప్ప ఆలోచన వచ్చింది. మీటర్ల బోర్డు నాలుగు స్క్రూలు విప్పి, మెరుపులేని నల్ల స్టిక్కరు షీట్లోంచి చిటికెన వేలి గోరంత ముక్క కోసి, ఆ లైటు మీద అంటించి, మళ్ళీ బిగించేశాను. సొంత డబ్బా కొట్టుకోకూడదు గాని, అక్కడొక ముక్క ఉందని తెలిసి వెతికితే నాకే వెంటనే కనిపించలేదు.

టీచర్ వచ్చి బండి తీసి వీధి చివరి దాకా వెళ్ళొచ్చింది. లైటు మిణుకుమనలేదు. మార్పించావా అని అడిగితే ఊఁ అన్నాను. సెన్సరు రాగానే నిజంగా మార్పించి ముక్క పీకేద్దామనే అనుకున్నాను. ఆ వారమే ఒక పెద్ద దుకాణం వాళ్ళ అద్దాలన్నిటి పనీ నాకొచ్చింది. పనిలో పడి సెన్సరు సంగతి మర్చిపోయాను. దాచాలని కాదు, మోసం చేద్దామని కాదు, నిజంగానే మర్చిపోయాను. చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి కారణం ఉంటే బాగుండేది.

ఎండలు ముదిరాక ఒకరోజు మధ్యాహ్నం టీచర్ ఫోన్ చేసింది. తన దగ్గర నేర్చుకుంటున్న బేకరీ ఆవిడను పాఠమయ్యాక ఇంటి దగ్గర దింపడానికి వెళ్తుంటే, వంతెన ఎక్కే చోట ఇంజిన్ గట్టిగా కీచుమని ఆగిపోయిందట. తాళం తిప్పితే కదలడం లేదట. ఆమె గొంతు మామూలుగానే ఉంది. నా గుండెల్లో మాత్రం రాయి పడింది. అక్షరం కోస్తున్న బ్లేడు పట్టుకునే వెర్రిమొహం వేసుకుని నిలబడిపోయాను. అప్పుడే చెప్పేస్తే ఒక్క మాటలో పోయేది. ముందు బండి ఇంటికి రానీ, అప్పుడు చెబుదాంలే అనుకున్నాను.

బండిని తాళ్ళతో లాక్కుని ఇంటికి తెచ్చారు. దాని వెనకాలే మర్నాటికి మా అత్తయ్య కూడా వచ్చింది, ఒక చేత్తో బట్టల సంచీ, ఇంకో చేత్తో పానాల పెట్టె. ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో ఇంజిన్లు విప్పి బిగించిన మనిషి ఆవిడ. రిటైరయ్యాక చేతులు ఖాళీగా ఉండి దిగులు పడుతోందేమో, కూతురి ఇంజిన్ పట్టేసిందని వినగానే పెళ్ళిపిలుపు అందినట్టు బయల్దేరి వచ్చేసింది. బయటివాళ్ళకు ఇవ్వడానికి వీల్లేదు, నేనే చేస్తానంది. మంచినీళ్ళు తాగి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, షెడ్డులో కారు కిందకి దూరింది. అడుగున ఆయిల్ ఉండే తొట్టిని చాంబర్ అంటారు. ఆవిడ అది విప్పి పళ్ళెంలోకి వంచితే, వచ్చిన ఆయిల్ మా తలుపు బందులు తడపడానికి కూడా చాలదు.

ఆవిడ పళ్ళెం తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"లైటు చూసుకోలేదా?"

"వెలగలేదమ్మా."

"ముప్పై ఏళ్ళు డిపోలో ఇదే మాట విన్నాను. ఇంజిన్ తగలేసుకొచ్చిన ప్రతి డ్రైవరూ లైటు వెలగలేదనే అన్నాడు."

"నిజంగా వెలగలేదమ్మా. పక్కన బేకరీ ఆవిడ కూడా ఉంది, అడుగు."

బేకరీ ఆవిడ సాక్ష్యం చెప్పడానికి పరుగున వచ్చింది. లైటేమీ వెలగలేదని ఒట్టు పెట్టుకుంది. కాని ఆ ముందు వారమే ఆవిడ కుడివైపు తిరగడానికి లైటు వెయ్యబోయి అద్దం తుడిచే కర్రలు తిప్పిన మనిషి. అత్తయ్య ఆవిడకు టీ ఇచ్చి మర్యాదగా పంపించింది. కూతురితో మాత్రం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తిట్టి ఉంటే టీచర్ ఎదురు తిరిగేది, రెండు రోజుల్లో తేలిపోయేది. తిట్టకుండా నమ్మకపోవడం ఆమెను లోపల్నించి తినేసింది.

నేను గుమ్మం దగ్గర తేలు కుట్టిన దొంగలా నిలబడి అంతా విన్నాను.

అత్తయ్య నన్ను ఊరికే ఉండనివ్వలేదు. చైన్ కప్పీ వేసి ఇంజిన్ పైకి లాగేటప్పుడు గొలుసు పట్టుకోమంది. విప్పిన ప్రతి బోల్టూ ఎక్కడిదో అక్కడికే పోవాలి కాబట్టి చీటీలు రాయమంది. చీటీలేం ఖర్మ, నేను స్టిక్కర్లే కోసి పెట్టాను. హెడ్డు బోల్టులు ఒకటి నుంచి పది, రెండో పిస్టన్ మూత, మూడో పిస్టన్ మూత అని డబ్బాడబ్బాకూ అంటించాను. ఆవిడ ఒక దాన్ని పట్టుకుని వేలితో రాసి చూసింది.

"అల్లుడుగారూ, ఇంత చిన్న చీటీకి కూడా మూలలు గుండ్రంగా కోస్తారెందుకు?"

మూల కోసుగా ఉంటే స్టిక్కరు అక్కడే లేవడం మొదలుపెడుతుందనీ, గుండ్రంగా కోస్తే ఏళ్ళ తరబడి లేవదనీ చెప్పాను. మా గురువు నేర్పిన మొదటి పాఠం అది, చెయ్యి ఆగమన్నా ఆగదు. మంచి అలవాటు అని ఆవిడ తలూపింది. ఆ మెచ్చుకోలు నాకు ముల్లులా గుచ్చుకుంది.

లోపల చూస్తే పిస్టన్లు తిప్పే ఇరుసు, క్రాంకు అంటారు, దాని మీద గీతలు పడి, బేరింగులు కరిగి అతుక్కుపోయి ఉన్నాయి. క్రాంకును లేతు పనివాడి దగ్గరికి పంపి నున్నగా సానబట్టించాలి, కొత్త బేరింగులు, కొత్త రింగులు వెయ్యాలి. ఎండాకాలమంతా పడుతుందని అత్తయ్య తేల్చింది. టీచర్‌కు ఏడాదిలో పని ఉండే కాలం అదే. సెలవుల్లోనే అందరూ నేర్చుకోవడానికి వస్తారు. వచ్చినవాళ్ళందరికీ వేరే డ్రైవింగ్ బడి చిరునామా చెప్పి పంపేది. బేకరీ ఆవిడ ఒక్కతే, మీ దగ్గర తప్ప నేర్చుకోను, బండి బాగయ్యేదాకా ఆగుతానని కూర్చుంది. వారానికోసారి వచ్చి, పిస్టన్లను పలకరించి వెళ్ళేది.

క్రాంకు తేవడానికి టీచర్ లేతు దగ్గరికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, అత్తయ్య భోంచేసి నడుం వాల్చింది. నేను షెడ్డులోకి వెళ్ళి మీటర్ల బోర్డు నాలుగు స్క్రూలు విప్పాను. బ్లేడు మొనతో లేపితే ముక్క ఎక్కడా చిరగకుండా, జిగురు మరకైనా మిగల్చకుండా ఊడి వచ్చింది. ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు. నలిపి పారేద్దామనుకుని పారెయ్యలేకపోయాను. నా బ్లేళ్ళ పెట్టె మూత లోపలివైపు అంటించి మూత పెట్టాను. తలెత్తితే షెడ్డు గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది.

"మీటర్ల జోలికి ఎందుకెళ్ళారు?"

"దుమ్ము పట్టింది అత్తయ్యా, తుడుస్తున్నాను."

"దుమ్ము బయట్నించి కూడా తుడవొచ్చు," అని ఆవిడ వెళ్ళి ముఖం కడుక్కుంది.

ఆ తర్వాతి వారం టీచర్ నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నా కళ్ళకు కాదు, తన కళ్ళకు. పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, అట్ట మీద పైనుంచి కింది వరస దాకా గడగడా చదివేసింది. అన్నిటికంటే కింద ఉన్న అచ్చాఫీసు పేరు కూడా చదివింది. అది నాకు అట్ట మీద పడిన నలకలా ఉంది. డాక్టరు నవ్వి, అమ్మా, మీ చూపు నాకంటే బాగుంది అన్నాడు. రంగులు కూడా చూపించి అడగమని టీచర్ పట్టుబట్టింది. ఎరుపు, ఆకుపచ్చ, అన్నీ సరిగ్గానే చెప్పింది.

బయటికొచ్చాక ఎండలో ఇంటివైపు నడిచాం.

"కళ్ళు పాడయ్యాయని చెప్తే బాగుండేది," అంది. "అద్దాలు పెట్టుకుని సరిపెట్టుకునేదాన్ని. కళ్ళు బాగుండి కూడా చూడలేదంటే, ఇక దానికి మందేముంది?"

నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగేసి, అలాంటివి అందరికీ జరుగుతాయిలే అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంజిన్ బిగించడం మొదలయ్యాక ఇంట్లో కాస్త గాలి మారింది. తల్లీకూతుళ్ళిద్దరూ షెడ్డులో తలలు ఆనించి పనిచేసేవాళ్ళు. అత్తయ్య కొలతలు చెప్పేది, టీచర్ పానా తిప్పేది. రింగులు వేసిన పిస్టన్ సిలిండర్లోకి జారేటప్పుడు ఇద్దరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. నేను టీలు కలిపి, డబ్బాల మీద స్టిక్కర్లు చూసి బోల్టులు అందించేవాణ్ణి. ఒక్క బోల్టు మిగల్లేదు, ఒక్కటి తక్కువ రాలేదు. డిపోలో కూడా ఇంత శుభ్రంగా జరగలేదని అత్తయ్య వీధిలో వాళ్ళకు నా గురించి గొప్పగా చెప్పింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అన్నీ బిగించాక చివర్న సెన్సరు మిగిలింది. ఆయిల్ ఫిల్టరు పక్కన, బొటనవేలంత ఉంటుంది. అత్తయ్య కొత్తది తెప్పించి పెట్టుకుని, పాతది విప్పి వైరు తగిలించే చోటు కిందికి వంచి విదిలించింది. సన్నగా ఆయిల్ చుక్కలు పడ్డాయి. ఆవిడ మొహం విచ్చుకుంది.

"ఇదీ దొంగ. ఆయిలంతా దీని కడుపులోంచే పోయింది. బండి నడుస్తున్నప్పుడే కారుతుంది, ఆపితే ఆగిపోతుంది. కింద మరక కూడా పడదు."

టీచర్ నావైపు తిరిగింది. "ఇది అప్పుడు మార్పించావుగా, కొత్తదేగా?"

అత్తయ్య సెన్సరు మర చూసి, కంపెనీలో వేసిన రంగు ఇంకా చెదరలేదు, పుట్టాక ఇదే విప్పడం అంది. ఇద్దరూ నన్ను చూస్తున్నారు. ఆ క్షణంలో సగం ధైర్యం వచ్చింది నాకు. సగమే వచ్చింది. మార్పించలేదు, మర్చిపోయాను, మార్పించానని అబద్ధం చెప్పాను అన్నాను. నల్ల ముక్క మాట మాత్రం చెప్పలేదు.

తిడుతుందనుకున్నాను. టీచర్ తిట్టలేదు. నీకెన్ని పనులుంటాయి, మర్చిపోయావు, మనుషులు మర్చిపోతారు అని సెన్సరు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"మరి పాతదే ఉంటే వెలుగుతూనే ఉండి ఉంటుంది కదమ్మా. మార్చేశారనుకుని నేను అటు చూడటం మానేశానన్నమాట."

అంతే అయ్యుంటుంది అని అత్తయ్య మెల్లగా అంది. కూతురి మీద జాలి పడటం అదే మొదటిసారి. నా సగం నిజం ఆమె నెత్తిన మిగతా సగం భారం కూడా పెట్టింది.

కొత్త సెన్సరు వేశారు. ఆయిల్ పోశారు. టీచర్ డ్రైవరు సీట్లో కూర్చుని తాళం మొదటి మెట్టుకు తిప్పింది. మీటర్ల మధ్య నూనె డబ్బా బొమ్మ ఎర్రగా, నిబ్బరంగా వెలిగింది. ఇంజిన్ కాసేపు ఊరికే తిప్పి, ఆయిల్ పైకెక్కాక స్టార్ట్ చేసింది. లైటు ఆరిపోయింది. ఇంజిన్ రెండుసార్లు దగ్గి, సర్దుకుని, చక్కగా పాడటం మొదలుపెట్టింది. అత్తయ్య చెయ్యి బానెట్ మీద ఆనించి కళ్ళు మూసుకుని నిలబడింది, ఆవిడ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. టీచర్ మాత్రం ఇంజిన్ ఆపి, తాళం మళ్ళీ తిప్పింది. లైటు వెలిగింది. మళ్ళీ ఆపి, మళ్ళీ తిప్పింది.

"ఇంత ఎర్రగా వెలుగుతుంటే నాకు కనిపించలేదా?" అంది. ఎవర్నీ అడగలేదు.

మర్నాడు పొద్దున్న టీ తాగుతూ చెప్పింది, ఇక నడపను, నేర్పను అని. తన మెదడు ఎప్పుడు పక్కదారి పడుతుందో తనకే తెలియనప్పుడు, ఇంకొకరి ప్రాణం పక్కన కూర్చోపెట్టుకోవడం తప్పంది. ఒక బడి ఆఫీసులో గుమాస్తా పని ఉందట, ఫోన్లో మాట్లాడింది కూడా. బండి ఇంటి అవసరాలకు ఉంచుకుందాం, అమ్మ వచ్చినప్పుడు నడుపుతుందిలే అంది. తర్వాత నావైపు చూసి, తలుపుల మీద అక్షరాలు తీసెయ్, గీతలు పడకుండా తియ్యడం నీకే వచ్చు అంది.

ఆ అక్షరాలు మా పెళ్ళైన ఏడాది నేను కోసినవి. ఎడమ తలుపు మీద ‘డ్రైవింగ్ నేర్పబడును’ అని తెల్లగా, చెయ్యంత ఎత్తున. జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో వేడి గాలి పట్టి, అంచు లేపి, నిదానంగా లాగాలి. ‘డ్రై’ వచ్చేసింది. ‘విం’ వచ్చేసింది. అక్షరం పోయినా దాని కింద రంగు ఎండ తగలక కొత్తగా ఉంది. పీకేసిన చోట కూడా చదువుకోవచ్చు. అక్కడ కూర్చుని నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, ఏడ్చాను. తర్వాత మిషన్ ఆపి, నా బ్లేళ్ళ పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళాను.

టీచర్ ముందుగదిలో నూనె మరకల దుప్పటి మడతపెడుతోంది. ఒక్కసారి కార్లో కూర్చోమన్నాను. ఇక నడపనని చెప్పానుగా అంది. ఒక్క నిమిషం అన్నాను. నా మొహం చూసి వచ్చి కూర్చుంది. నేను పక్క సీట్లో కూర్చుని, చెయ్యి చాపి తాళం మొదటి మెట్టుకు తిప్పాను. ఎర్ర లైటు వెలిగింది. పెట్టె మూత తెరిచి, లోపల్నుంచి ఆ నల్ల ముక్కను బ్లేడుతో లేపి, మీటర్ల అద్దం మీద ఆ లైటుకు ఎదురుగా అంటించాను.

ఎరుపు పోయింది. నల్లటి చోట నల్లగా ఉంది, అంతే.

టీచర్ చూపుడువేలి గోరు ఆ ముక్క మూలకు ఆనించి గీరింది. గుండ్రటి మూల, లేవలేదు.

"ఎప్పుడు పెట్టావు?"

"నువ్వు లైసెన్సు పని మీద వెళ్ళినప్పుడు."

"తీసిందెప్పుడు?"

"నువ్వు క్రాంకు కోసం వెళ్ళిన రోజు."

"కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళకముందా, వెళ్ళాకా?"

"ముందే," అన్నాను.

ఆమె తలూపింది. బండి దిగి, ఇంటివైపు తిరిగి పిలిచింది. "అమ్మా, ఒకసారి రా." గొంతు పెంచలేదు. అత్తయ్య తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, తలుపులోంచి వంగి, ఆ ముక్కనూ నన్నూ మార్చి మార్చి చూసింది. ఊళ్ళో బండ్ల మీదా, బోల్టుల డబ్బాల మీదా నేను అంటించినవాటికి ఆ గుండ్రటి మూలలే. ఆవిడకు వేరే చెప్పక్కర్లేదు.

"లైటు వెలగలేదని చెప్పానమ్మా," అంది టీచర్.

అత్తయ్య కూతురి చెయ్యి పట్టుకుని, అరచేతిలో అంటిన మసి తన కొంగుతో తుడిచింది.

"ముప్పై ఏళ్ళలో ఒక్కళ్ళు నాతో నిజం చెప్పారు. ఆ ఒక్కదాన్నీ నమ్మలేకపోయాను."

అప్పుడు టీచర్ ఏడ్చింది, తల్లి భుజం మీద. నేను కార్లోనే కూర్చుని ఉన్నాను. లోపలికి వెళ్తూ అత్తయ్య ఆగి, దుమ్ము బాగానే తుడిచారు అల్లుడుగారూ అంది.

టీచర్ తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. టీ కప్పు ముందు పెట్టేది, మాట మాత్రం లేదు. నేనే మాట్లాడేవాణ్ణి, క్షమించమని అడిగేవాణ్ణి, గోడకు చెప్పినట్టే ఉండేది. నాలుగో రోజు అత్తయ్య తన ఊరు వెళ్ళిపోయింది. పానాల పెట్టె ఇక్కడే వదిలి వెళ్ళింది, అవసరమొస్తే ఉంటుందని. బడి ఆఫీసుకు రానని టీచర్ కబురు పంపినట్టు బేకరీ ఆవిడ చెబితే తెలిసింది. లైటు వెలగలేదని తను మొదటి రోజే చెప్పానని బేకరీ ఆవిడ కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పుకుంటోంది. వీధిలో నా పేరు ఎలా మోగిపోయిందో చెప్పక్కర్లేదు. పడాల్సిన మాటలే, పడ్డాను.

ఎవరూ అడక్కపోయినా ‘డ్రై’, ‘విం’ మళ్ళీ కోసి తలుపుకు అంటించాను. పాతవి ఎండకు పసుపెక్కాయి, ఈ రెండూ తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఈరోజుకీ అలాగే ఉన్నాయి. మిగతావి కూడా కొత్తవి వేస్తానంటే టీచర్ వద్దంది.

పదో రోజు పొద్దున్నే ఆమె బండి వీధిలోకి తీసి, డ్రైవరు తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. నేను కొట్టు తెరవడానికి వెళ్తున్నాను.

"ఎక్కు," అంది.

నాకు నడపడం రాదని నీళ్ళు నమిలాను. తెలుసు, అందుకే ఎక్కమంటున్నానంది. ఎక్కాను. ఆమె పక్కన కూర్చుని బెల్టు పెట్టుకుంది. ఆమె కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్చు ఉంటాయి, అక్కడ పాదాలు ఆనించుకుంది. మీటర్ల అద్దం శుభ్రంగా ఉంది. నల్ల ముక్క లేదు.

"వెలిగినవాటినే ఇన్నాళ్ళూ చూస్తూ వచ్చాను. తాళం తిప్పగానే వెలగాల్సింది వెలగలేదని ఒక్కరోజు కూడా లెక్కపెట్టుకోలేదు. ఆ తప్పు నాదే, అది నీ మీద వెయ్యను," అంది. "మిగతాదంతా నీదే."

నాదేనన్నాను.

"ఇకనుంచి నా దగ్గరికి ఎవరొచ్చినా మొదటి పాఠం ఇదే. తాళం మొదటి మెట్టు వరకే తిప్పు. ఏమేం వెలిగాయో పేరు పెట్టి చెప్పు."

తిప్పాను. బ్యాటరీ, ఇంజిను, చేతి బ్రేకు అని చదివాను. నూనె డబ్బా దగ్గర ఆగి ఆమె వైపు చూశాను. ఆమె తొందరపెట్టలేదు. నూనె డబ్బా అన్నాను.

"ఆపి మళ్ళీ తిప్పు."

మళ్ళీ తిప్పాను, మళ్ళీ చెప్పాను. ఎన్నిసార్లు చెప్పించిందో నాకు గుర్తులేదు. బేకరీ ఆవిడ పాఠానికి వచ్చి, నన్ను ఆ సీట్లో చూసి, నోరు తెరవబోయి, ఏమనుకుందో గాని గోడ పక్కకు వెళ్ళి నిలబడింది.

"మొత్తం ఎన్ని?" అని అడిగింది టీచర్.

"నాలుగు."

ఆమె నావైపు వంగి, మీటర్ల మీదికి కళ్ళు దించి, ఒక్కొక్కటే చూసింది. ఎర్రటి వెలుగు ఆమె బుగ్గ మీద కొద్దిగా పడింది.

"నాకూ నాలుగే కనిపిస్తున్నాయి," అంది.